బాగున్న రోజున ఆస్పత్రికి

మా పిన్ని దగ్గర ఇరవై ఏళ్ళ వెంకట్రామా క్యాలెండర్లున్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు. పురికొసతో కట్టి, బియ్యం డబ్బా పక్కనున్న ట్రంకుపెట్టెలో దాచింది. ఏది తీసి చూసినా ప్రతి తేదీ గడిలోనూ, తిథీ వర్జ్యమూ అచ్చేసిన చోటుకి కాస్త పక్కగా, పెన్సిల్‌తో చిన్న అంకె వేసి ఉంటుంది. 7, 7, 6, 7. మా చిన్నాన్న ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో ఆ లెక్క. కొన్ని అంకెల పక్కన బాణం గుర్తు. పైకో, కిందికో.

ఒక ఏడాది ఏప్రిల్ పేజీ నాకు బాగా గుర్తు. 7, 6, 5, 5, 4, 3. ఆ 3 పక్కన బాణం పైకి. తరవాతి గడిలో ‘గుంటూరు’ అని రాసి ఉంది. అంటే తెల్లారగానే బస్సెక్కించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆ పైవారం మళ్ళీ 5, 6, 6, 7. ఆ ఏప్రిల్లో ఆయన ఆస్పత్రిలో చేరలేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. అప్పు చెయ్యలేదు. బడికి నాలుగు రోజులు సెలవు పెట్టాడంతే. ఊళ్ళో ఎవరికీ తెలియనే లేదు.

చిన్నాన్నది బైపోలార్ డిజార్డర్. ఇంట్లో ఎవరమూ ఆ పేరు వాడం. ‘పైకెళ్ళాడు’, ‘కిందికి దిగాడు’ అనుకుంటాం. ఆయన కూడా అలాగే చెప్పుకుంటాడు. పైకెళ్ళినప్పుడు నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, డబ్బు నిలవదు, తనకు చేతకానిదంటూ ఏమీ ఉండదు. దాన్నే డాక్టర్లు మేనియా అంటారు. కిందికి దిగినప్పుడు లేచి పళ్ళు తోముకోవడం కూడా కొండెక్కినంత పని. అదే డిప్రెషన్. ఈ రెండో స్థితి ఒక్కటే వచ్చి పోతూ ఉంటే డిప్రెషన్ జబ్బు. రెండూ వస్తుంటే బైపోలార్. జబ్బు ఒక్కసారి వచ్చి పోయేది కాదు కాబట్టి, వైద్యం కూడా ఒక్కసారి చేయించుకుని మరిచిపోయేది కాదు.

ఈ జబ్బు గురించి మనం వినేవన్నీ తుపాను కబుర్లే. కట్టేసి తీసుకెళ్ళారనో, ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారనో, నెలరోజులు వార్డులో ఉంచారనో చెప్పుకుంటాం. తుపానుకూ తుపానుకూ నడుమ ఏం జరుగుతుందో మాట్లాడుకోం. మూడు నెలలకోసారి ఓపీ చీటీ రాయించుకుని, బెంచీ మీద కూర్చుని, పేరు పిలిచినప్పుడు లోపలికెళ్ళి, ‘బాగానే ఉన్నానండీ’ అని చెప్పి వచ్చే ఆ ఉదయాలే ఈ జబ్బుకు అసలు వైద్యం. చిన్నాన్న విషయంలో మా కుటుంబానికి ఇది అర్థం కావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఆయనకు ఇరవై ఏడేళ్ళప్పుడు మొదటిసారి కిందికి దిగాడు. తినేవాడు కాదు, బడికెళ్ళేవాడు కాదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెద్దవాళ్ళు గాలి సోకిందన్నారు. నాయనమ్మ తాయెత్తు కట్టించింది. ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్ళి మూడు రాత్రులు నిద్ర చేయించింది. ఆవిడను తప్పు పట్టను. కొడుకు కళ్ళముందు ఎండిపోతుంటే ఏ తల్లయినా తనకు తెలిసిన దారులన్నీ వెతుకుతుంది. చివరికి ఎవరో చెబితే పట్నంలో ‘నరాల డాక్టరు’ దగ్గరకు వెళ్ళారు. మన ఊళ్ళలో సైకియాట్రిస్టుకు ఉన్న పేరు అదే కదా. బోర్డు మీద కూడా న్యూరో సైకియాట్రిస్టు అనే ఉంటుంది. నరాల బలహీనత అంటే నలుగురిలో చెప్పుకోవచ్చు. మనసు బాగాలేదంటే చెప్పుకోలేం.

డిప్రెషన్ తగ్గే మందులు రాశారు. తగ్గింది. ఆపేశాడు. మూడేళ్ళకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అవే మందులు, మళ్ళీ ఆపడం. మూడోసారి ఆ మందుల మీదుండగానే మా మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. అర్ధరాత్రి ముహూర్తం. పెళ్ళిపనులన్నీ తానే నెత్తినేసుకుని వరసగా మూడు రాత్రులు కన్ను మూయలేదు. అప్పగింతలయ్యాక అందరం తూలుతూ ఇళ్ళకు చేరితే, ఆయన మాత్రం నాలుగో రాత్రి కూడా దీపం పెట్టుకుని ఏవో ప్లాన్లు గీస్తున్నాడు. ఊళ్ళో పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పే భవనమట. వారం తిరిగేసరికి పిన్ని గాజులు తాకట్టుకు వెళ్ళాయి. రెండు లారీల ఇటుక ఇంటిముందు దిగింది. మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది, అయినా మాట ఆగలేదు. వద్దన్న మా నాన్నమీద చెయ్యెత్తాడు. అంతకుముందు అన్నగారి ఎదుట కుర్చీలో కూర్చోని మనిషి ఆయన.

ఆ ఇటుకలు చాలా ఏళ్ళు మా వాకిట్లోనే ఉండిపోయాయి. నాచు పట్టాయి. వాటిని చూసినప్పుడల్లా ఆయన తలదించుకునేవాడు. మేనియా దిగిపోయాక మిగిలే ఆ సిగ్గు గురించి ఎవరూ రాయరు. అందులో ఏదీ కావాలని చేసింది కాదు. కానీ చేసిందంతా గుర్తుంటుంది.

ఆ తరవాత మేం కలిసిన డాక్టరమ్మ ముందు ఆయన్ని అడగలేదు, పిన్నివైపు తిరిగింది. “అమ్మా, మాస్టారు ఇంతకు ముందెప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మామూలుకన్నా మరీ హుషారుగా తిరిగిన రోజులున్నాయా?” పిన్ని కాసేపు ఆలోచించింది. పెళ్ళైన కొత్తలో ఓ వేసవి సెలవుల్లో పదిరోజులు రాత్రింబవళ్ళు నాటకం రాసి, ఊళ్ళోవాళ్ళందరినీ కూడగట్టి రిహార్సల్సు వేయించి, తరవాత నెలంతా మంచం దిగలేదని చెప్పింది. అప్పుడది మాకు జబ్బులా కనబడలేదు. కళలా కనబడింది. పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

ఇలా ఆలస్యం కావడం మా ఇంటి దురదృష్టం మాత్రమే కాదు. 2000లో అమెరికాలో డిప్రెషన్, బైపోలార్ బాధితుల సంఘం ఒక సర్వే చేసింది. బైపోలార్ ఉన్నవారిలో 69 శాతం మందికి మొదట వేరే జబ్బు పేరు చెప్పారు. ఎక్కువగా చెప్పిన పేరు డిప్రెషనే. మూడోవంతుకు పైగా మందికి సరైన పేరు తెలియడానికి పదేళ్ళో అంతకన్నా ఎక్కువో పట్టింది. ఎందుకంటే మనిషి డాక్టరు దగ్గరకు కిందికి దిగినప్పుడే వెళ్తాడు. పైనున్నప్పుడు తనకేం జబ్బు లేదనుకుంటాడు. డాక్టరు చూసేది సగం బొమ్మనే. ఆ సగానికే మందిస్తే కొందరికి డిప్రెషన్ మందే పైకి తోసే ప్రమాదముంది, ముఖ్యంగా మూడ్‌ను నిలకడగా ఉంచే మందు తోడు లేనప్పుడు. రెండో సగాన్ని అడిగి రాబట్టాలి. అందుకు టైముండాలి, ఇంట్లోవాళ్ళు పక్కనుండాలి, పాత ఫైలుండాలి. మూడ్ జబ్బుల కోసమే నడిపే ప్రత్యేక ఓపీ అంటే ముందుగా ఇదే.

చిన్నాన్నకు రాసిన మందు లిథియం. దాని కథ చెప్పుకోదగ్గది. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, రెండో ప్రపంచయుద్ధంలో మూడేళ్ళకు పైగా జపాన్ వాళ్ళ చెరలో ఉండి తిరిగొచ్చి, మెల్‌బోర్న్ దగ్గర ఒక మానసిక ఆస్పత్రిలో వాడకుండా వదిలేసిన వంటగదిని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. గినీ పందుల మీద ప్రయోగాలు చేస్తూ లిథియం లవణం వాటిని నెమ్మదింపజేయడం గమనించాడు. ముందు తానే మింగి చూసుకున్నాడు. తరవాత మేనియాలో ఉన్న పదిమందికి ఇచ్చాడు. 1949లో ఆ సంగతి అచ్చయింది. మొదటి రోగి ఐదేళ్ళుగా మేనియాలోనే ఉన్న మనిషి. కొన్ని వారాల్లో కుదుటపడి, ఇంటికెళ్ళి, పాత ఉద్యోగంలో చేరాడు. ఆ తరవాత మందు వేసుకోవడంలో అశ్రద్ధ చేశాడు. ఏడు నెలలు తిరక్కుండానే మళ్ళీ ఆస్పత్రికి వచ్చాడు.

కేడ్ దగ్గర మొట్టమొదట లిథియం అందుకున్న రోగి చేసిందే మా చిన్నాన్నా చేశాడు. రెండేళ్ళు బాగున్నాక, “బాగానే ఉన్నాను కదే, ఇంకా ఈ బిళ్ళలెందుకు?” అన్నాడు. పిన్నికీ సబబే అనిపించింది. జ్వరం తగ్గాక ఎవరైనా బిళ్ళ వేసుకుంటారా? ఆపిన మూడో నెలలో మళ్ళీ పైకెళ్ళాడు. ఈసారి వార్డులో చేర్చాల్సి వచ్చింది. తిరిగొచ్చాక డాక్టరమ్మ తిట్టలేదు. క్యాలెండర్ ఉందా ఇంట్లో అని అడిగింది. అలా మొదలైంది పిన్ని పెన్సిల్ లెక్క.

మందు తెచ్చుకుని వేసుకుంటే సరిపోతుంది, ఓపీ ఎందుకనేవాళ్ళకు ఒక సంఘటన చెప్పాలి. ఒక మే నెలలో చిన్నాన్నకు నడుంనొప్పి వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ నొప్పుల బిళ్ళలు ఇచ్చాడు, డైక్లోఫెనాక్, పూటకొకటి. బీపీ ఉంది కదా, ఉప్పు తగ్గించండి అని కూడా చెప్పాడు. అవి మండుటెండల రోజులు. ఐదో రోజుకు చేతులు వణకడం మొదలైంది. ఏడో రోజుకు నడక తూలింది, మాట ముద్దయింది, వాంతులు. బస్టాండులో చూసినవాళ్ళు మాస్టారు తాగుతున్నాడన్నారు. ఆయన జన్మలో మద్యం ముట్టలేదు.

లిథియం మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. ఒళ్ళు నీరు కోల్పోయినా, ఉప్పు ఉన్నట్టుండి బాగా తగ్గినా, మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. నొప్పుల బిళ్ళల్లో చాలావాటి ప్రభావమూ ఇదే. బీపీకిచ్చే మందుల్లో కొన్నింటిదీ ఇదే. రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీమోల్ వరకు ఉంటే మందు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవ్వచ్చు. మందుకూ విషానికీ నడుమ ఎడం అంతే. అందుకే రాత్రి బిళ్ళ వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి లెవెల్ చూసుకోవాలి. ఏడాదికి రెండుసార్లయినా థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. మన ఎండలకు మజ్జిగ, నీళ్ళు మానకూడదు. విరేచనాలు పట్టుకుంటే బిళ్ళ వేసుకోవాలా వద్దా అని ఆ రోజే ఫోన్ చేసి అడగాలి. ఇవన్నీ ఓపీలో ఒక నర్సు కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతులు. మాకెవరూ చెప్పలేదు. తరవాత మారిన ఓపీలో ఒక సిస్టరు ఇదంతా కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంటి ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా ముందు లిథియం వాడుతున్నానని చెప్పడం చిన్నాన్నకు అలవాటైంది. పంటి డాక్టరుకు కూడా చెబుతాడు.

ఇంత జాగ్రత్త అడిగే మందు ఎందుకు మరి? డెబ్బై అయిదేళ్ళు దాటినా బైపోలార్‌ను అదుపులో ఉంచడంలో దానిమీద ఇంత గురి ఇంకే మందుమీదా కుదరలేదు. ఆత్మహత్యల ప్రమాదాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి బలమైన ఆధారాలున్న అతికొద్ది మందుల్లో ఇదొకటి. ఖరీదు కూడా తక్కువే. మా ఊళ్ళో దొరకనిది బిళ్ళ కాదు, రక్తపరీక్ష. గుంటూరు ల్యాబ్‌లో శాంపిల్ ఇస్తే హైదరాబాద్ పంపి మూడోరోజు రిపోర్టిచ్చేవారు.

ఓపీలో ఇలా ఓపిగ్గా చూస్తే నిజంగా తేడా వస్తుందా అని లెక్కకట్టి చూసిన దేశం డెన్మార్క్. లిథియాన్ని కేడ్ తరవాత నిలబెట్టిందీ ఆ దేశపు డాక్టరే, మోగెన్స్ షౌ. ఆయన తమ్ముడికి మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చేది, లిథియంతో ఆగింది. ఈ వైద్యంలో కుటుంబం ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. అదే దేశంలో లార్స్ కెస్సింగ్ అనే సైకియాట్రిస్టు బృందం, బైపోలార్‌తో మొదటిసారో రెండోసారో మూడోసారో ఆస్పత్రిలో చేరి ఇంటికెళ్తున్న 158 మందిని తీసుకుంది. చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని మామూలు వైద్యానికి పంపారు. రెండో భాగాన్ని మూడ్ జబ్బుల కోసమే పెట్టిన ప్రత్యేక ఓపీలో రెండేళ్ళపాటు చూశారు. అక్కడ మందులతో పాటు జబ్బు గురించి గుంపుగా కూర్చోబెట్టి చెప్పే తరగతులుండేవి. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రత్యేక ఓపీకి వెళ్ళినవారు మళ్ళీ ఆస్పత్రిలో చేరాల్సివచ్చే అవకాశం 40 శాతం తక్కువ. మందులు మానకుండా వాడినవారు కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఓపీ మీద పెట్టిన ఖర్చు వార్డు ఖర్చులో మిగిలింది.

బార్సిలోనాలో ఇంకొకటి జరిగింది. నా మనసుకు అదే బాగా దగ్గర. ఫ్రాన్సెస్క్ కోలోమ్, ఎడ్వర్డ్ వియేటా అనే ఇద్దరు, బైపోలార్ ఉండి ప్రస్తుతం కులాసాగా ఉన్న 120 మందిని పిలిచారు. సగం మందికి వారానికోసారి, గంటన్నర చొప్పున, ఇరవై ఒక్క క్లాసులు. జబ్బంటే ఏమిటి, ఎక్కువయ్యే ముందు ఒంట్లో ఏమేం మారతాయి, నిద్రెందుకు ముఖ్యం, మందు మానాలనిపిస్తే ఎవరితో మాట్లాడాలి, ఇవీ పాఠాలు. మిగతా సగం ఊరికే కలిసి కూర్చునేవారు. రెండేళ్ళ తరవాత చూస్తే పాఠాలు విన్నవారికి జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. వాళ్ళు ఎంచుకున్నది బాగున్నవాళ్ళను. తుపానులో ఉన్న మనిషికి పాఠం చెప్పలేం. వాన వెలిసినప్పుడే ఇల్లు కప్పుకోవాలి.

డిప్రెషన్ సంగతి కొంచెం వేరు. డిప్రెషన్ ఉన్న ప్రతి ఒక్కరికీ స్పెషలిస్టు అక్కర్లేదు. గోవాలో విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్టు బృందం మామూలు చదువున్న స్థానికులకు శిక్షణనిచ్చి ఆరు నుంచి ఎనిమిది సిటింగుల్లో మాట్లాడించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఎందరినో బాగు చేయవచ్చని చూపించింది. మన పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఇంటింటికీ వెళ్ళి డిప్రెషన్‌నూ ఆత్మహత్య ఆలోచనలనూ గుర్తించి పీహెచ్‌సీ డాక్టరుకు చూపించే పద్ధతి నడిపారు. స్పెషలిస్టు కావాల్సింది మందు మార్చినా, డోసు పెంచినా లేవలేకపోతున్నవారికి. ఇంగ్లండ్‌లో అలా ఎడతెగని డిప్రెషన్ ఉన్న 187 మంది మీద నాటింగ్‌హామ్ డాక్టర్ల నాయకత్వంలో ఒక అధ్యయనం జరిగింది. సైకియాట్రిస్టూ, సైకోథెరపిస్టూ కలిసి ఒకే మనిషిని చూసే ప్రత్యేక ఓపీ అది. ఆరునెలలకు చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తరవాతే కనబడింది. రెండు నెలలు తిరిగి ‘ఈ డాక్టరు పనికిరాడు’ అని ఇంకొకరి దగ్గరకు మారే మనకు ఈ సంగతి తెలియాలి. డాక్టరు మారినప్పుడల్లా కథ మొదటి పేజీ నుంచి చెప్పాల్సిందే.

ఆడవాళ్ళ విషయానికొస్తే జబ్బు కథంతా రాసి ఉన్న ఫైలు మరీ అవసరం. బైపోలార్‌కు ఎక్కువగా రాసే మందుల్లో వాల్‌ప్రోయేట్ ఒకటి. గర్భంలో ఉండగా వాడితే బిడ్డకు వెన్నులో లోపాలు, ఎదుగుదలలో, తెలివితేటల్లో లోటు వచ్చే ప్రమాదం ఎక్కువ. పిల్లలు కనే వయసు ఆడపిల్లకు వేరే దారి ఉన్నంతవరకూ అది రాయకూడదని ప్రపంచమంతటా అంటున్నారు. మన ఇళ్ళల్లో జరిగేదేమిటి? పెళ్ళిచేస్తే కుదురుకుంటుందంటారు. అవతలివాళ్ళకు చెప్పరు. అత్తారింట్లో బిళ్ళలు దాచుకోలేక ఆ పిల్ల మందే మానేస్తుంది. లేదా నెల తప్పగానే, ఎవరినీ అడక్కుండా ఒక్కసారిగా అన్నీ ఆపేస్తారు. ఇక కాన్పయ్యాక నిద్రలేని రాత్రులు. బైపోలార్ ఉన్న ఆడవాళ్ళకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం జీవితం మొత్తంలో అప్పుడు ఉన్నంత ఎక్కువగా ఇంకెప్పుడూ ఉండదు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి చూసే డాక్టరు వేరు, ఊరు వేరు. ఫైలు వెంట వెళ్ళకపోతే బాలింత మాటతీరు మారిందని మూడోరోజో నాలుగోరోజో ఇంట్లోవాళ్ళు గమనించినా, అక్కడి డాక్టరుకు ఏమీ తెలియదు. మంచి ఓపీలో పెళ్ళి మాటలప్పుడే ఇదంతా మొదలుపెడతారు. ఏ మందు మార్చాలి, ఎప్పుడు మార్చాలి, కాన్పయ్యాక రాత్రుళ్ళు పసిబిడ్డను ఎవరు ఎత్తుకోవాలి. రాత్రి ఒక్క పాలు అమ్మమ్మ పట్టి, తల్లిని ఆరుగంటలు పడుకోనివ్వడం కూడా మందు చీటీలో రాయదగ్గ మాటే.

నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే సైకాలజిస్టు నిద్ర లేచే వేళ, తినే వేళ, పనికెళ్ళే వేళ స్థిరంగా ఉంచడమే ఒక చికిత్సగా తీర్చిదిద్దింది. మాదాపూర్, గచ్చిబౌలిలో ఒక నెల పగలూ ఒక నెల రాత్రీ షిఫ్టులు చేసే పిల్లల్లో ఇలాంటి జబ్బున్నవారికి డాక్టరు ఇచ్చే ‘పగటి షిఫ్టు మాత్రమే’ అన్న కాగితం మాత్రతో సమానం. శివరాత్రి జాగారం మా చిన్నాన్న మానేసి ఇరవై ఏళ్ళవుతోంది. సాయంత్రమే అభిషేకం చేయించుకుని పదింటికి పడుకుంటాడు. అర్ధరాత్రి ముహూర్తపు పెళ్ళిళ్ళకు పిన్ని ఒక్కతే వెళ్తుంది. బంధువుల్లో కొందరు నొచ్చుకున్నారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

మరి ఇలాంటి ఓపీలు మనకెన్ని? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో 85 శాతం, బైపోలార్ ఉన్నవారిలో 70 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు, కానీ మన సంగతి అంతకన్నా బాగుంటుందని అనుకోవడానికి నాకు ఆధారం కనబడదు. మన చరిత్రలో మాత్రం మంచి ఆరంభాలున్నాయి. మానసిక వైద్యాన్ని పెద్దాస్పత్రి గోడలు దాటించి జిల్లాకు తేవచ్చని 1980లలో నిమ్‌హాన్స్ చేసి చూపించింది బళ్ళారిలో, తెలుగు మాటలు వీధివీధినా వినిపించే జిల్లా అది. ఆ నమూనాతో 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైతే, ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటి. అంత ముందు మొదలుపెట్టినవాళ్ళం, ముప్ఫై ఏళ్ళకు ప్రతి జిల్లా ఆస్పత్రిలోనూ వారానికి ఒక్కపూటయినా మూడ్ క్లినిక్ నడిపే స్థితిలో ఉండాల్సింది. దానికి భవనం అక్కర్లేదు. ఒక గది, మారని డాక్టరు, ఒక నర్సు, ఒక సోషల్ వర్కరు, లిథియం లెవెల్ చేసే మెషీను, ఫోన్ నంబరు. ఇంతే కావాల్సింది.

ఇంకో అడ్డంకి పేర్లు. ఎర్రగడ్డ ఒక పేట పేరు. చినవాల్తేరు ఒక పేట పేరు. అక్కడ ఏళ్ళ తరబడి ఎందరినో నిలబెట్టిన ఆస్పత్రులున్నాయి. మనం ఆ పేర్లను తిట్లుగా మార్చుకున్నాం. కోపమొస్తే ‘ఎర్రగడ్డకు పంపాలి నిన్ను’ అనే మాట అనని ఇల్లు తక్కువ. ఆ మాట విని పెరిగిన పిల్ల, రేపు తనకే ఓపీ అవసరమైతే, ఆ గేటు దగ్గర ఆటో దిగలేదు. నేనూ చిన్నప్పుడు ఆ మాట అన్నవాడినే. చిన్నాన్న ఎదుట అన్నాను ఒకసారి. ఆయన ఏమీ అనలేదు. ఇది రాస్తుంటే ఆయన మొహం గుర్తొస్తోంది.

చట్టం మనకన్నా ముందుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ వైద్యం పొందే హక్కు, గోప్యత హక్కు, ‘నాకు ఒంట్లో బాగాలేనప్పుడు ఇలా చూడండి, నా తరఫున ఫలానావారు మాట్లాడతారు’ అని ముందే రాసిపెట్టుకునే హక్కు అందులో ఉన్నాయి. బాగున్నరోజున రాసుకోవాల్సిన కాగితమది. చిన్నాన్న పిన్ని పేరు రాశాడు. శరీరపు జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా ఆ చట్టం చెప్పింది. కానీ మన బీమా అంతా ఆస్పత్రి మంచం చుట్టూ అల్లుకున్నది. మంచమెక్కితే డబ్బొస్తుంది. మంచమెక్కకుండా కాపాడిన ఓపీకి, రక్తపరీక్షకు, కౌన్సెలింగ్‌కు చాలా పాలసీల్లో రాదు. ఇప్పటికిప్పుడు ఎవరిని అడగాలో తెలియని ఇంటికి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఏ వేళ చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చులేదు. చావు ఆలోచనలు వస్తున్నవారెవరైనా ఇది చదువుతుంటే, రేపటిదాకా ఆగకుండా ఆ నంబరుకు చేయండి, పక్కగదిలో ఉన్న మనిషికీ చెప్పండి.

మొన్న చిన్నాన్న రివ్యూకి నేనూ వెళ్ళాను. ఆయనకిప్పుడు అరవై దాటాయి. బెంచీ మీద మా పక్కన ఒక తల్లీ కొడుకూ. కుర్రాడికి ఇరవై రెండో మూడో. తల వంచుకుని చెప్పు అంచుతో నేలమీద గీతలు గీస్తున్నాడు. చేతిలో ఫైలు కొత్తది, ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు. లోపల డాక్టరమ్మ చిన్నాన్నను “ఏం మాస్టారూ, విశేషాలు?” అని అడిగితే ఆయన “ఏం లేవమ్మా” అన్నాడు. పిన్ని క్యాలెండర్ విప్పి మూడు నెలల పేజీలు చూపించింది. అన్నీ ఏడులూ ఆరులూ. లెవెల్ 0.7. క్రియాటినిన్ కాస్త పెరిగితే మళ్ళీ నెలకు చూపించుకోమని రాసింది. ఆరేడు నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చి నేను మందులకు లైన్లో నిలబడితే, ఆ తల్లి పిన్ని పక్కకు జరిగింది. “ఎన్నాళ్ళు వాడాలంటమ్మా ఇవి?” అని గొంతు తగ్గించి అడగడం వినబడింది. పిన్ని వెంటనే జవాబు చెప్పలేదు. చేతిసంచీలోంచి క్యాలెండర్ తీసి ఆవిడ ఒళ్ళో పరిచింది. “మీ అబ్బాయి రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు?” అని అడిగింది. తల్లికి తెలియలేదు. కుర్రాడు తలెత్తి, “మూడింటికండీ” అన్నాడు. పిన్ని సంచీలో వెతికి పెన్సిల్ ముక్క తీసింది.